కాళ్లు నిలవనివ్వని రాత్రి

సైకియాట్రీ పోస్టింగ్‌కు వచ్చిన మొదటి రోజు నర్సింగ్ పిల్లలు గోడకు ఆనుకొని నిలబడతారు. మన హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ‘ఎర్రగడ్డ’ అన్న మాట ఇప్పటికీ తిట్టే. దాన్ని వింటూ పెరిగిన పిల్లలు భయపడితే తప్పు వాళ్లది కాదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేను తరచూ తలుచుకునే కేసు ఒకటుంది. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో అక్కడ హమాలీ పని చేసిన మనిషి. చెవుల్లో ఎవరో తిడుతున్నారంటూ అన్నం మానేస్తే భార్య తీసుకొచ్చింది. ఆ గొంతులు తగ్గడానికి హాలోపెరిడాల్ అనే మందు మొదలుపెట్టాం. మూడో రాత్రి వార్డులో ఒకటే తిరుగుడు. కూర్చోబెడితే లేస్తాడు, నిలబడితే కాలు మార్చి కాలు కదుపుతాడు. జబ్బు ముదిరింది, ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి చేతులు కట్టేద్దామని డ్యూటీ వాళ్లు ఫోన్ చేశారు. కేస్ షీటులో ‘రెస్ట్‌లెస్’ అని రాసుందట. నేనూ సరే అనబోయాను.

అంతలో నైట్ డ్యూటీలో ఉన్న విద్యార్థిని ఫోన్ అందుకుంది. “సార్, ఆయనకు నడవాలని లేదంట. కాళ్లే నిలవనిస్తలేవంట.”

అది అకథీసియా. జబ్బు కాదు, మందు తెచ్చిపెట్టిన యాతన. అదే ఇంజెక్షన్ మళ్లీ ఇస్తే ఇంకా పెరిగేది. మోతాదు తగ్గించి ప్రొప్రనలాల్ ఇచ్చాం. మర్నాటి రాత్రి కంటినిండా నిద్రపోయాడు. నువ్వేం చేశావమ్మా అని అడిగితే, “ఏం చేయలే సార్, పక్కన నడుసుకుంటా అడిగిన” అంది.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తక్షణ హాని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే రోగిని కట్టాలి. సిబ్బంది చాలలేదన్నది కారణం కాకూడదు. పరీక్ష కోసం నర్సింగ్ పిల్లలు ఈ నియమాన్ని బట్టీ పడతారు. ఆ రాత్రి దాన్ని నిలబెట్టింది మాత్రం ఒక ప్రశ్న.

కోచింగ్ హాస్టళ్ల నుంచి కడుపునొప్పి, తలనొప్పి అంటూ వచ్చే పిల్లల దగ్గరా అంతే. “చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?” అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. చాలామంది ఏడ్చేసి, మనసు విప్పుతారు.

నర్సింగ్ టీచర్లకు నాదొక విన్నపం. రోగితో జరిగిన సంభాషణను విద్యార్థులు రాసే ప్రాసెస్ రికార్డింగ్‌లో రోగి మాటను ఇంగ్లిష్‌లోకి మార్చి రాయించకండి. ఆ రాత్రి ‘రెస్ట్‌లెస్’ అన్న మాటలో కాళ్ల యాతన కనిపించలేదు. అతను అన్నది అన్నట్టు, తెలుగులోనే రాయనివ్వండి.