వెనక నిలబడేవాళ్లు

ఫుట్‌బాల్ అనగానే మీ ఇంట్లో పిల్లల నోట ఎవరి పేర్లొస్తాయి? గోల్స్ కొట్టిన వాళ్లవే కదూ! గోల్ పడకుండా వెనక కాపు కాసే బ్యాక్ ఆటగాళ్లలో ఒక్కరి పేరు చెప్పమనండి, బుర్ర గోక్కుంటారు. మన వంటింటి పనీ అంతే లెండి. కూరలో ఉప్పు సరిపోయిన రోజున ఎవరూ నోరు మెదపరు, తగ్గితేనే గొడవ.

మా నాన్నగారికి ఫుట్‌బాల్ పిచ్చి. అందుకే నయీముద్దీన్ పేరు చిన్నప్పటినుంచీ మా ఇంట్లో మనిషి పేరులా వింటూ పెరిగాను. సయ్యద్ నయీముద్దీన్ 1944లో మన హైదరాబాదులోనే పుట్టారు. సిటీ పోలీసు టీములో ఆడి, తర్వాత కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కీ, మోహన్ బగాన్‌కీ ఆడారు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టు కెప్టెన్ ఆయనే. జపాన్ మీద 1-0తో గెలిచి కాంస్య పతకం తెచ్చారు. ఒక్క గోలుతో గెలవాలంటే అవతలివాళ్లకి ఒక్కటి కూడా ఇవ్వకూడదుగా! ఆ సంగతి ఎంతమంది తలుచుకున్నారంటారు? ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి పతకమే రాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఎనిమిదో తరగతి చదివే మా చిన్నాణ్ణి స్కూలు టీములో బ్యాక్‌గా వేశారు. "చప్పట్లు వాళ్లకీ, దెబ్బలు నాకూనా? నేనింక వెళ్లనమ్మా" అని బూట్లు మంచం కిందికి తోసేశాడు. "పోనీలే, ఆ టైముకి ట్యూషన్‌కి వెళ్తాడు" అన్నారు మావారు. నాకు మనసొప్పలేదు. చదువు సరే, అలిగి మానేయడం అలవాటైతే ఎలా చెప్పండి?

పక్కన కూచోబెట్టుకుని చెప్పాను. బంతి తెస్తున్నవాడి మీదికి తొందరపడి దూకకూడదు, వాణ్ణి మెల్లగా గీత వైపు నెట్టుకుపోవాలి. వెనకున్నవాడికే మైదానమంతా కనిపిస్తుంది. ముందున్నవాళ్లకి కేకేసి చెప్పాల్సిందీ వాడే. అలా చెప్పీ చెప్పీ కాబోలు, నయీముద్దీన్ మంచి కోచ్ అయ్యారు. క్రమశిక్షణ దగ్గర మహా కఠినుడని పేరు. ఈయన కోచ్‌గా ఉన్నప్పుడే 1990లో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐఎఫ్ఏ షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడూ గెలిచింది. ఆ ఏడాదికే ద్రోణాచార్య అవార్డు కూడా వచ్చింది. ఆటగాడిగా అర్జున అప్పటికే ఉంది. 1997లో ఖాట్మండులో దక్షిణాసియా కప్పు గెలిచిన భారత జట్టుకీ కోచ్ ఆయనే.

అంతా విని మావాడు, "ఇంతకీ ఆయన ఎన్ని గోల్స్ కొట్టాడమ్మా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. బూట్లయితే బయటికొచ్చాయి. శనివారం మ్యాచ్ ఉంది, మావారిని కూడా రమ్మన్నాను. వాడు బంతి ఆపినప్పుడు చప్పట్లు కొట్టడానికి ఇద్దరమైనా ఉండాలిగా!