పడవలో కాపురం

మా కందుకూరు మీదుగా శ్రీశైలం బస్సులు పోతాయి గాని ఓడలు పోవు. సముద్రమంటే మా పిల్లలకు పాఠ్యపుస్తకంలోని బొమ్మ. అందుచేతనే కాబోలు, సముద్రయానం అనగానే ఇక్కడివారికి తుపానులూ తిమింగలాలూ మాత్రమే తలపుకు వస్తాయి. ఇక పడవ ఏదో ద్వీపం చేరి రేవులో ఆగిందంటే, అందులోవారికి పండుగే అనుకుంటారు.

2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు ‘తారిణి’ అనే తెరచాప పడవలో గోవా నుంచి భూప్రదక్షిణకు బయలుదేరారు. వారిలో ఇద్దరు మన తెలుగు ఆడపడుచులే: విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. పడవ పొడవు సుమారు 17 మీటర్లు. 2018 మే 21న క్షేమంగా తిరిగి వచ్చేదాకా, 254 రోజులు, అదే వారి ఇల్లు. దారిలో స్టీరింగు చెడి, ఏప్రిల్‌లో మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవులో ఆగవలసి వచ్చింది. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికని కోరంగి నుంచి తెరచాప ఓడలెక్కిన మన కూలీలు దిగిన రేవు కూడా అదే.

అటువంటి పడవ రేవులో ఆగితే విశ్రాంతి మాట దేవుడెరుగు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఉప్పునీట తడిసిన బట్ట ఎంత ఎండబెట్టినా చెమ్మ వదలదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కనుక మంచినీరు దొరకగానే బట్టలూ పరుపులూ తాళ్లూ కడుక్కోవాలి. తెరచాపకు కుట్లు ఊడినచోట కుట్టుకోవాలి. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఏరుకోవాలి. ఒక్కటి కుళ్లితే బుట్టంతా పోతుంది. ఆటుపోట్లకు పడవ లేచి దిగుతుంది గనుక కట్టిన తాడు మరీ బిగుతుగానూ ఉండరాదు, మరీ వదులుగానూ ఉండరాదు. ఒరుసుకునేచోట గుడ్డ చుట్టాలి. అర్ధరాత్రి గాలి మళ్లితే లేచి చూసుకోవాలి.

ఇదంతా నేను వర్ణించి చెబుతూంటే మా ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది.

“ఇందులో కొత్తేమున్నదండీ? బోరు ఎండిన వేసవిలో ఈ ఇంట్లో జరిగేదీ ఇదేగా!” అన్నది.

నాకు జవాబు తోచలేదు. సముద్రం మీద ప్రాణభయం అదనమే అనుకోండి. కాని ఆ పొదుపూ, ఆ కనిపెట్టుకుని ఉండటమూ పడవలో అయితే సాహసమంటాం. ఇంట్లో అయితే అసలు పనిగానే లెక్కవెయ్యం. ఏమంటారు?

మొన్న మా కాలేజీ విద్యార్థిని తండ్రి ఒకాయన నన్ను చూడవచ్చాడు. పిల్లకు విశాఖపట్నంలో పై చదువుకు సీటు వచ్చింది. 

“ఇంటిపని తప్ప ఏమీ తెల్వని పిల్ల సారూ, అంత దూరంల ఒక్కతే ఎట్ల బతుకుతది?” అన్నాడు.

నేను తారిణి కథ చెప్పాను. తుపానుల జోలికి పోలేదు. రేవు సంగతులే చెప్పాను. ఆయన తలవంచుకుని అంతా విని, చివరకు ఒకే ప్రశ్న వేశాడు:

“మరి నడిసంద్రంల మంచినీళ్లు ఎట్ల సర్దుకుంటరు సారూ?”

“గ్లాసుతో కొలిచి వాడుకుంటారు.”

“మా బిడ్డ గూడ గట్లనే వాడుతది,” అన్నాడు నెమ్మదిగా.

దరఖాస్తు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు. గడువు ఇంకా నాలుగు రోజులున్నది. సంతకం పెడతాడనే నా ఆశ.