జాకెట్టు విప్పిన నాన్న

కిందటి డిసెంబరులో పాపికొండలు చూద్దామని ఇంటిల్లిపాదీ బయల్దేరాం. గండిపోచమ్మ తల్లికి దండం పెట్టుకుని బోటెక్కగానే లైఫ్ జాకెట్లు ఇచ్చారు. ఎనిమిదేళ్ల మా పాపకిచ్చింది పెద్దవాళ్లది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా వచ్చేసింది. అంటే, నీళ్లలో పడితే జాకెట్టు తేలుతుంది, పిల్ల జారిపోతుంది! గట్టిగా అడిగితే చిన్నది వెతికిచ్చారు.

అంత జాగ్రత్త చెప్పిన నేనే గంట తిరక్కుండా నా జాకెట్టు విప్పేశా. ఉక్కపోత... పైగా ఫొటోల్లో బాగోదు! ‘నువ్వు విప్పావుగా నాన్నా, నేనూ విప్పేస్తా’ అంది పాప, బెల్టు లాగుతూ.

అప్పుడే ఎవరో ‘అదిగో కచ్చులూరు’ అన్నారు. బోటంతా ఒక్కసారిగా నిశ్శబ్దం.

2019 సెప్టెంబరు 15న వరద గోదారిలో పర్యాటకుల బోటు మునిగింది ఇక్కడే. 77 మందిలో బతికి బయటపడింది 26 మందే. భోజనాల వేళ కావడంతో చాలామంది జాకెట్లు తీసేశారట. ఒడ్డునున్న పల్లెల వాళ్లు పడవలేసుకొచ్చి, నీళ్లలో కొట్టుకుపోతున్నవాళ్లను కాపాడారు. బోటును బయటికి తీయడానికి 38 రోజులు పట్టింది. ఆ రాత్రి మా ఆఫీసులో ఆ వార్తలు దిద్దినవాళ్లలో నేనూ ఒకణ్ని. అన్నీ తెలిసి కూడా...

మారుమాట్లాడకుండా జాకెట్టు తొడుక్కున్నా. పాప నా బెల్టులు బిగించింది.

కానీ బుద్ధి పూర్తిగా రాలేదు. భోజనాలయ్యాక అందరితోపాటు నేనూ ఖాళీ సీసా ఒకటి గోదాట్లోకి విసిరా.

పేరంటపల్లిలో దిగితే ఒడ్డు పొడవునా సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, చిప్స్ కవర్లు. వెదురు పూలు అమ్ముతున్న కొండరెడ్ల ఆవిణ్ని ‘ఇవన్నీ ఎక్కడివమ్మా?’ అని అడిగా. ‘మీ బోట్లయ్యే బాబూ. ఏరినా మళ్లీ వస్తానే ఉంటయ్’ అంది, పూలు కట్ట కడుతూ.

తలెత్తి చూడలేకపోయా. నేను విసిరిన సీసా ఈపాటికి దిగువకు, ఆ కచ్చులూరు వైపే వెళ్తుంటుంది. మన ప్రాణం మీదికొస్తే పడవలేసుకొచ్చినవాళ్ల రేవుకి మనం పంపేది చెత్తా?

తిరుగు ప్రయాణంలో ఒక్కరం కూడా జాకెట్టు విప్పలేదు. ఇంటికొచ్చి సంచి దులిపితే నాలుగు ఖాళీ సీసాలు. ‘ఇంకోటేది నాన్నా?’ అంది పాప.

ఏం చెప్పను?