చేతి దోషము కాదు

అన్నము మాడినను, పాలు విఱిగినను మన యిండ్లలో మొట్టమొదట నింద పడునది స్త్రీ చేతిమీదనే. పొయ్యి మంట యెట్లున్నది, పాత్రలో పులుపు మిగిలినదా యని చూచువారు తక్కువ. కంప్యూటరు గృహములలోనికి వచ్చిన తరువాతను ఈ యాచారము మాఱలేదు. గత వేసవిలో మా యింట జరిగిన చిన్న సంగతి నాకీ విషయమును బోధించినది. మీకును ఉపయోగపడునేమో యని విన్నవించుచున్నాను.

మాది ప్రొద్దుటూరు. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. నేను బడికి పోయి చదివినదానను కాను. మా తండ్రిగారి యొద్ద మొల్ల రామాయణమును, భారతములో కొన్ని పర్వములను ఇంటనే చదువుకొంటిని. కంప్యూటరు నేర్చినది పెండ్లియైన పిదపనే.

మా వారి పూర్వ విద్యార్థిని యొకతె ఇంటర్మీడియటు ముగించి, తాను చేరగోరు కళాశాలల పట్టికను నింపుటకు తల్లితో మా యింటికి వచ్చెను. వారిది మగ్గము నేయు కుటుంబము; ఇంట కంప్యూటరు లేదు. ఆ రాత్రితో గడువు ముగియును. బాలిక ల్యాప్‌టాపు ముందు కూర్చుండి మౌసును కదల్చగా, తెరమీది బాణపు గుర్తు క్షణకాలము నిలిచిపోయి, పిమ్మట ఒక్క గంతున మూడు వరుసలు దాటి దుమికెను. తిరుపతి కళాశాలను నొక్కబోగా, ఆమె యెన్నడును వినని యూరి కళాశాల పట్టికకెక్కెను. రెండు మాఱులు ఇట్లే జరిగెను.

"పాపకు చెయ్యి వణుకుతాంది. వాళ్లన్నను పిలిపించండి" అని మా అత్తగారనిరి. "ఈ వేళ అందఱును ఒకేసారి నింపుచుందురు. అవతలి యంత్రమే ఆలస్యము చేయుచున్నది" అని మా వారనిరి. బాలిక కన్నుల నీరు నిండెను. "అక్కా, నాకు రాదు. మీరే నొక్కండి" అని లేచెను. సత్యము చెప్పవలెనన్న, నేనును అప్పటికే చేయి చాచితిని. నేను కూర్చున్న పిదపను బాణము అట్లే నిలిచి, అట్లే దుమికెను. అప్పుడు నాకు సిగ్గు కలిగినది.

మన కర్నూలు–కడప కాలువ సుంకేసుల వద్ద బయలుదేఱి కడప వఱకు వచ్చును. చివరి పొలమునకు నీరందనిచో రైతు పైరును తిట్టడు. గట్టు వెంట నడచి, ఎక్కడ ఆగినదో చూచును. నేనును అట్లే చూడ మొదలిడితిని. ఒకమాఱు ఒక్కదానినే మార్చవలెనని నియమము పెట్టుకొంటిని.

మొదట మౌసును విడిచి, ల్యాప్‌టాపు టచ్‌ప్యాడుపై వ్రేలు త్రిప్పితిని. బాణము నూనె రాచినట్లు సాగెను. కాబట్టి కంప్యూటరు నిర్దోషి. మా వారి యూహయు నిలువలేదు. బాణమును గీయునది మన యెదుటనున్న కంప్యూటరే; అవతలి యంత్రము ఆలస్యమైనచో పుట తెఱచుకొనుట ఆలస్యమగును గాని బాణము కుంటుపడదు. ఒక్క సందర్భము వేఱు. హైదరాబాదులో ఉద్యోగము చేయు మా తమ్ముడు కార్యాలయపు కంప్యూటరును ఇంటినుండి నడుపును. అచ్చటి తెర వైఫై మీదుగా రావలెను గనుక, వైఫై మందగించిన బాణమును మందగించును. మా యింటి కథ అది కాదు.

పిమ్మట మౌసునకు క్రొత్త బ్యాటరీ వేసితిని, మార్పు లేదు. నునుపు చేసిన కడప బండపై మౌసు తడబడునేమో యని క్రింద నోటు పుస్తకము నుంచితిని, మార్పు లేదు. తుదకు వైఫైని రెండు నిమిషములు ఆపితిని. బాణపు గంతులు సగమునకు తగ్గెను! మరల తెఱువగా మరల మొదలాయెను. మిగిలిన సగమునకు కారణము ల్యాప్‌టాపు ప్రక్కనే దొరికినది. మా వారి పాఠముల వీడియోలు ఒక హార్డు డిస్కునుండి వైఫై ద్వారా అంతర్జాలమునకు ఎక్కుచుండెను. డిస్కు తీగ తీసివేయగానే బాణము పూర్తిగా కుదుటపడెను.

కారణమిది. తీగలేని మౌసు, ల్యాప్‌టాపునకు తగిలించిన చిన్న రిసీవరుతో 2.4 గిగాహెర్ట్జు రేడియో తరంగములపై మాటలాడును. బ్లూటూతు మౌసులదియు అదే బాట. వైఫైయు తఱచుగా ఆ బాటనే నడచును. వైఫై బిగ్గఱగా మాటలాడునపుడు, ప్రక్కనే గుసగుసలాడు మౌసు మాట వినబడదు. అంతేకాక, యూ.ఎస్.బి. 3.0 తీగలును పరికరములును అదే ప్రాంతమున రొద చేయునని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రమున ప్రకటించినది. మా డిస్కు తీగ రిసీవరును ఆనుకొనియే యుండెను.

ఉపాయములు సులభములు. రిసీవరును డిస్కునకు ఎదుటి ప్రక్కన గ్రుచ్చుడు; చిన్న పొడిగింపు తీగతో మౌసు చేరువకు తెచ్చిన మఱియు మేలు. రౌటరునందు 5 గిగాహెర్ట్జు ఉన్నచో వైఫైని దానికి మార్చుడు. అయితే ఆ తరంగములు మందపు గోడలను దాటజాలక నీరసించును. మా పాత మిద్దెల రాతిగోడలకు అది లోటే. కావున రౌటరున్న గదిలోనే కూర్చుండుట మంచిది. ఏదియు కుదురనిచో తీగ మౌసు ఉండనే యున్నది.

అన్నియు చక్కబడిన పిదప నేను పీటపై కూర్చుండి, చేతులు ఒడిలో పెట్టుకొంటిని. బాలికయే మరల కూర్చుండి తప్పు పేర్లను తీసివేసి, తిరుపతిని మొదటి వరుసలో నిలిపెను. తల్లి వ్రేళ్లపై లెక్కించుచు ఆ పేర్లను రెండు మాఱులు చదివించుకొనెను. గడువునకు ఇంకను గంటకు పైగా నుండగా బాలిక కడపటి మీట నొక్కెను. "చెయ్యి వణకలేదే!" అని మా అత్తగారే అనిరి.

సోదరీమణులారా! మీ కుమార్తె చేతిలో బాణము నిలిచిపోయినచో, "లే, నేను చేసెద" నని మౌసును లాగుకొనకుడు. మొదట టచ్‌ప్యాడుపై వ్రేలు త్రిప్పి చూడుడు. పిల్లను మాత్రము కుర్చీనుండి లేపకుడు.