కోతులకు భయపడి మూసిన కిటికీ

శ్రీశైలం పోయే హైదరాబాదు వాళ్ళు మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర కారు అద్దాలు దించి గట్టిగా ఊపిరి పీల్చుకుంటారు. పీల్చుకోవలసిందే. ఎదురుగా 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. ఆ గాలిలోనే పుట్టి పెరిగినవాళ్ళు దగ్గుతోనో తలనొప్పితోనో నా దగ్గరికి వస్తే మాత్రం వెంట వచ్చినవాళ్ళే నమ్మరు. "అడవి గాలి పీల్చేటోళ్ళకు దమ్మేంది సారూ?" అంటారు. అడవి గాలి అడవిలో ఉంటుంది. పనిచేసే మనిషి పగలంతా ఉండేది నాలుగు గోడల మధ్య. ఆ గోడల కిటికీలేమో ఇక్కడ కోతుల భయానికి మూసే ఉంటాయి.

రోడ్డు పక్క హోటల్లో వంట చేసే ఒకామె నెలల తరబడి దగ్గుతో వచ్చింది. రెండు వారాలు దాటిన దగ్గంటే మా దగ్గర ముందు తెమడ పరీక్షే. చెంచుల గూడేలైన పెంటల్లో టీబీ సంగతి తెలిసిన డాక్టరెవరూ ఆ మెట్టు దాటరు. టీబీ లేదు. ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గదేమీ లేదు. బీడీ, చుట్ట అడిగితే నవ్వింది. అప్పుడు అడిగాను, పుట్టింటికి పోయినప్పుడు దగ్గు ఎట్లుంటదని. "బతుకమ్మకు పోయి వారం ఉన్న సారూ. మంచిగనే ఉండె. వచ్చి పొయ్యి ముంగట కూసున్నంక మళ్ళ షురువైంది."

నాకు కావలసింది ఆ ఒక్క మాటే. పనిచోట తిరగబెట్టి, సెలవుల్లో తగ్గే దగ్గు గురించి స్టెతస్కోపు కన్నా క్యాలెండరు ఎక్కువ చెబుతుంది. ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లోనే, పనివాళ్ళ జబ్బుల మీద రాసిన పుస్తకంలో, రోగిని నీ పనేమిటని అడగాలని వైద్యులకు చెప్పాడు. మూడు వందల ఏళ్ళు దాటినా మన ఓపీ చీటీలో పేరు, వయసు, ఊరు ఉంటాయి గానీ పని రాసే గడి చాలాచోట్ల ఉండదు.

చాయ్ నెపంతో ఆ వంటగది చూసొచ్చాను. ఈ అడవి దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. గేటు తీసేసరికి ఇడ్లీ, బోండా తయారుగా ఉండాలి కాబట్టి పొయ్యి నాలుగింటికే ముట్టిస్తారు. రేకుల కప్పు, కట్టెల పొయ్యి, పక్కన మరిగే నూనె మూకుడు. చలికీ కోతులకీ కలిపి తలుపు ఓరగా వేసి ఉంది. కప్పు నుంచి బూజు మసిబారి నల్లటి తాళ్ళలా వేలాడుతోంది. గోడ మీద వేలితో రాస్తే జిగురు. ఎగ్జాస్ట్ ఫ్యానుంది, దాని రెక్కలకు వేలి మందాన నూనె మడ్డి. వేస్తే కరెంటు బిల్లు ఎక్కువ వస్తుందని యజమాని బాధ. 1980ల మొదట్లో గుజరాత్ పల్లెల్లో, వంట చేసే ఆడవాళ్ళు పీల్చే పొగను కొలిచిన పరిశోధకుడు కర్క్ స్మిత్ తర్వాత జీవితమంతా ఆ పొగ మీదే పనిచేశాడు. ఇళ్ళలో పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంటి పొయ్యికి గ్యాసు వచ్చినా హోటలు పొయ్యి కట్టెల మీదే నడిస్తే ఆమె ఊపిరితిత్తులకు తేడా ఏముంటుంది?

ఆమెకు ఇన్‌హేలర్ రాశాను. "అలవాటైతదేమో" అని అనుమానపడింది. అలవాటు కాదని ఒప్పించడం కన్నా పొయ్యిని వెనక వసారాలోకి మార్పించడమే సులువైంది.

చలికాలంలో మరో రకం కేసు వస్తుంది. అది దగ్గులా నెమ్మదిగా రాదు. ఒక తెల్లవారుజామున ఇద్దరు కాపలా మనుషులను ఆటోలో తెచ్చారు. తలకాయ పగిలిపోతోంది, వాంతులు, ఒకతను మాట తడబడుతున్నాడు. రాత్రి తిన్నది పడలేదని ఒకరు, తాగి ఉంటారని ఇంకొకరు. వేలికి ఆక్సీమీటరు పెడితే 98. చాలామంది మోసపోయేది ఇక్కడే. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తాన్ని కూడా ఆ పరికరం మంచి రక్తంగానే లెక్కగడుతుంది. ఒకే గదిలో పడుకున్న ఇద్దరికీ ఒకేసారి ఒకే తలనొప్పి అంటే ముందు గదినే అనుమానించాలి. అడిగితే చెప్పారు, ఇనుప బకెట్లో నిప్పులు పోసి లోపల పెట్టుకుని తలుపు వేసుకున్నారట. "పొగ లేకుండె సారూ, ఎర్రటి నిప్పులే." పొగ లేని నిప్పులతోనే ముప్పు. ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. మామూలు గాలిలో సగం దిగడానికే నాలుగైదు గంటలు, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. ఇద్దరికీ మాస్కులు తగిలించి 108లో పెద్దాసుపత్రికి పంపాం. బతికారు.

ఇక ఆఫీసుల సంగతి. ఒక ఆఫీసు (పేరెందుకు లెండి) కుర్రాడు సాయంత్రం తలనొప్పి అని వచ్చాడు. అప్పటికే కళ్ళద్దాలు మార్చాడు, గ్యాస్ మాత్రలు మింగాడు. ఆదివారం నొప్పి లేదు. పక్క సీట్లవాళ్ళకూ మూడింటికల్లా కళ్ళు మండి నిద్ర ముంచుకొస్తుందట, తప్పంతా మధ్యాహ్నం అన్నానిదే అంటారట. వెళ్ళి చూశాను. కోతులు ఫైళ్ళు ఎత్తుకుపోతున్నాయని కిటికీలకు మేకులు, వెంటిలేటరుకు అట్టముక్క. ఏసీ ఉందిగా అన్నారు. గోడకు తగిలించే ఆ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. బయట పది లక్షల పాళ్ళకు 420 పాళ్ళ చుట్టూ ఉండే కార్బన్ డయాక్సైడ్, మనుషులు నిండిన మూసిన గదిలో వెయ్యి దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఆ మాత్రానికి అది విషమేం కాదు. గదిలో గాలి మారడం లేదని చెప్పే గుర్తు.

బీరువా వెనక గోడ వర్షాకాలపు చెమ్మకు నల్లగా బూజు పట్టి ఉంది. ఆ వాసన లోపలివాళ్ళెవరికీ తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. చాయ్ తెచ్చే మనిషిని అడిగితే ఠక్కున చెప్పాడు: "తడిసిన గోనెసంచి వాసనొస్తది సారూ." దాన్ని కప్పడానికి రోజూ అగరొత్తులు, పైన రూమ్ ఫ్రెషనర్. ఉన్న ఒక్క ఆనవాలునూ మాయం చేసి, దానికి తోడు ఇంకొంత పొగ.

మేకులు పీకి ఇనుప జాలీ కొట్టించారు, బీరువా జరిపి గోడకు తడి ఎక్కడి నుంచి వస్తోందో వెతికించారు. పైకప్పు మీద పగిలిన పైపు దొరికింది. నెల తిరిగేసరికి కుర్రాడి తలనొప్పి పోయింది, మిగతావాళ్ళ కళ్ళమంటా పోయింది. ఒకాయనకు మాత్రం తగ్గలేదు. "జాలీ కొట్టించినా ఇట్లనే ఉంది" అని నా మీదకే వచ్చాడు. బీపీ చూస్తే 170/100. ఆయనకు మాత్ర రాశాను.