మందు చేరని చోట

"ఈ పళ్లు పీకేయండి డాక్టరుగారూ, ఊడ్పులు దగ్గరకొచ్చేశాయి" అన్నాడాయన. 2021 జూన్. మండపేట వైపు రైతు. కరోనా తగ్గి కొన్ని వారాలే అయింది. స్టెరాయిడ్లతో షుగరు నాలుగొందలు దాటింది. పుప్పి లేదు, వాపు లేదు, కానీ పైదవడ పళ్లు వరసగా కదులుతున్నాయి. అంగిలి మీద నల్లమచ్చ. బ్లాక్ ఫంగస్.

దానికి మందు ఆంఫోటెరిసిన్. వెనెజువెలా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి ఇచ్చిన ఈ మందు 1950ల నుంచీ ఉంది. బూజు కణం పొరకి చిల్లులు పొడుస్తుంది, మన కిడ్నీనీ వదలదు. పాత రకం ఎక్కిస్తే రోగి చలితో వణికిపోయేవాడు, క్రియాటినిన్ పెరిగేది. అదే మందుని నానోమీటర్లలో కొలిచే కొవ్వు బుడగల్లో పొదిగితే లైపోసోమల్ రకం అవుతుంది. కిడ్నీకి దెబ్బ తగ్గుతుంది కాబట్టి పెద్ద మోతాదు ఇవ్వగలం. కిలోకి 5 మిల్లీగ్రాములంటే అరవై కిలోల మనిషికి రోజుకి ఆరు సీసాలు. జబ్బు ఆరోగ్యశ్రీలో చేరింది సరే, సీసాలేవీ?

దొరికాక ఇంకో తంటా. సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది, గ్లూకోజులోనే ఎక్కించాలి. "షుగరు మనిషికి గ్లూకోజేంటండీ?" అని ఆయన భార్య నిలదీసింది. సబబైన ప్రశ్నే. ఇన్సులిన్ పెంచి, ఆవిడకి గ్లూకోమీటరు చూపిస్తూ వచ్చాం.

ఇంతా చేసి, బుడగ రక్తంతో పాటే పోతుంది. ఈ బూజు ముందు రక్తనాళాల్నే మూసేస్తుంది. కాలువ పూడితే శివారు చేనుకి నీరెక్కనట్టే, చచ్చిన ఎముకలోకి ఎంత ఖరీదైన మందూ వెళ్లదు. అందుకే పైదవడలో సగం తీసేయాల్సొచ్చింది. తర్వాత ఆ సందుని మూసే ప్లేటు పెట్టాం. ఇప్పుడు మజ్జిగ తాగితే ముక్కులోంచి రావట్లేదు.

ప్లేట్లకీ, పళ్ల సెట్లకీ వేరే బూజు, కాండిడా. కొవ్వూరు నుంచి వచ్చే పెద్దావిడకి సెట్టు కింద అంగిలి ఎర్రగా మండేది. క్లోట్రిమజోల్ రాస్తే తగ్గేది, ఆపగానే తిరగబెట్టేది. సెట్టుకి అంటుకున్న జిగట పొరలో బూజు దాక్కుంటే, పైపైన రాసే మందు లోపలికి దిగదు. ఆ పొరని ఛేదించడానికే కైటోసాన్ నానో రేణువుల మీద పరిశోధనలు సాగుతున్నాయి. అది రొయ్య పెంకుల నుంచి తీసే పదార్థం, భీమవరం చుట్టుపక్కల పెంకులకేం కొదవ! ధనావేశం వల్ల నోటి పొరకీ, సూక్ష్మజీవికీ అతుక్కుని మందుని అక్కడే వదులుతుంది. బాగా పనిచేస్తుందని తేలితే నేను తప్పక రాస్తాను.

ఆవిడకి మాత్రం బ్రష్షు రాశాను, రాత్రిళ్లు సెట్టు తీసేయమన్నాను.

"మనవలు బోసినోరని నవ్వుతారు బాబూ."

"వాళ్లు పడుకున్నాకే తియ్యండి" అన్నాను. ఒప్పుకుంది. తర్వాతిసారి వచ్చేసరికి మంట సగానికి సగం తగ్గింది.