తరవాణి కోసం కొల్లేటికి

మా అమ్మకు 86 ఏళ్ళు. మొన్న వేసవిలో జ్వరపడి లేచింది గాని, నోటికేమీ సయించలేదు. బత్తాయిరసం ఇస్తే పక్కకు నెట్టింది. "కాస్త తరవాణి తేట ఉంటే పొయ్యరా" అన్నది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయలు కావాలంటే లారీలకొద్దీ దొరుకుతాయి. తరవాణి ఎవరింట దొరుకుతుంది? మా వీధి కుర్రవాళ్ళకు ఆ మాటే తెలియదు.

కొల్లేటి లంకలో మా మేనత్త ఇంకా కుండ నిలుపుతోందని విని, సంచిలో ఇత్తడి చెంబొకటి వేసుకుని రైలెక్కాను. ఏలూరులో దిగి, ఉత్త చేతులతో వెళ్ళడమెందుకని నిమ్మకాయలు కొన్నాను. ఏలూరు వెళ్ళి నిమ్మకాయలు కొనకుండా వచ్చినవాడు ఉన్నాడా?

కైకలూరు రోడ్డు మీద బస్సు. చిన్నప్పుడు ఆ లంకకు పడవలో వెళ్ళేవాళ్ళం. 1999లో కొల్లేరును అభయారణ్యమన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. అయినా కిటికీలోంచి చూస్తే ఇంకా గట్లే, గట్ల మీద కొంగలే.

నా చెంబు చూడగానే అత్తయ్య నవ్వింది. "ఇత్తడిలో పులుపు పోస్తార్రా? కిలుం పట్టదూ!"

వంటింటి మూల కుండ చూపించింది. గంజి, బియ్యం కడుగునీళ్ళు, పిడికెడు అన్నం వేసి మూతపెట్టి కదపకుండా ఉంచితే రెండు మూడు రోజులకు పులుస్తుంది. ఆపైన రోజూ వార్చిన గంజి పోస్తూ, తేరిన తేట తీసుకుంటూ ఉండాలి. ఉప్పు, నలిపిన నిమ్మాకు, చిదిపిన అల్లం వేసుకు తాగాలి. కుక్కర్లు వచ్చాక గంజి వార్చడమే పోయింది. గంజి లేనిదే తరవాణి ఎక్కడిది?

పడమటి దేశాలవారు పండ్లను వినిగర్లోనూ పంచదారలోనూ ఊరవేసి, ఆ పాకంలో నీళ్ళు కలుపుకు తాగుతారు. దాన్ని ష్రబ్బు అంటారు. మన షర్బత్తుకు అది చుట్టమే. రెంటికీ మూలం అరబ్బీ మాట. ఈ మాట చెబితే అత్తయ్య, "వాళ్ళకు గంజి లేదు కాబోలు పాపం" అన్నది.

గాజుసీసాలో పోసి, "బిరడా బిగించకురా, పొంగుతుంది" అని మరీ మరీ చెప్పింది. రైల్లో ఒలుకుతుందని బిగించాను. భీమడోలు దాటగానే టప్పుమని బిరడా లేచి, ఎదుటి పెద్దమనిషి పంచె తడిసింది. ఆయన వాసన చూసుకుని, "తరవాణా! మా అమ్మ చేసేదండీ" అన్నాడు. నేను క్షమాపణ చెప్పే అవసరం లేకపోయింది.

సగమే మిగిలింది. ఇంటికి రాగానే ఒక గరిటెడు కొత్త కుండలో తోడుకు పోసి, తక్కినది గ్లాసులో అమ్మకిచ్చాను. కళ్ళు మూసుకుని అంతా తాగింది.

"ఉప్పు చాలలేదురా" అన్నది.